తగవు తీర్చువాని మనస్సు

(గ్రామ పంచాయతి సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగపాఠము)



ఈ తరగతిలో పద్దులను గురించియు, పన్నులను గురించియు, పారిశుద్ధ్యమును గురించియు తెలిసిన పెద్దలు మీకు చెప్పియున్నారు. అవి యన్నియు మీకు నిత్యము అక్కరకు వచ్చునవే. మేము మాత్రము ఏ పద్దు పుస్తకమునకును ఎక్కని సంగతి నొకదానిని మీ ముందుంచ దలచితిమి. అది పంచాయతి సభ్యుని మనస్సు.

మనస్సు సంగతి మఠములలో చెప్పదగినదిగాని, పంచాయతి కార్యాలయమున దానికేమి పని యని మీలో కొందరికి తోచవచ్చును. ఒక్కసారి మన ఊళ్లను తలచుకొనుడు. వీధిదీపము వెలుగకున్న రెండు దినములలో బాగుచేయించుకొందుము. మురుగుకాలువ పూడినచో మనుష్యులను పెట్టి తీయింతుము. కాని రెండిండ్ల నడుమ మాట ఆగిపోయినచో పదేండ్లయినను అది తిరిగి సాగదు. ఆ రెండిండ్లవారును ఒకే కుళాయి నీరు త్రాగుదురు; ఒకే జాతరకు పోవుదురు. ఒకరింట పెండ్లియైన రెండవవారు తలుపు మూసికొని కూర్చుందురు. ఒకరింట చావైన రెండవవారు మోయుటకు రారు. అట్టి ఊరికి సిమెంటు రోడ్డు వచ్చినను, మంచినీటి ట్యాంకు వచ్చినను, సుఖము వచ్చినదని చెప్పజాలము.

ఎన్నికలు వచ్చినప్పుడు ఈ బాధ మరింత హెచ్చును. గ్రామ పంచాయతి ఎన్నికలు పార్టీల గుర్తులు లేకుండ జరుగవలెనని ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములు రెండింటను నియమము కలదు. అయినను ఓట్ల లెక్కింపు ముగిసిన రాత్రినుండియే ఎవరు మనవారు, ఎవరు కానివారు అను వేరొక లెక్క మొదలగును. ఆ లెక్క ఐదేండ్లు నడచును. వీధిలో దీపము వేయుటలోను, పింఛను జాబితా చూచుటలోను, కాలువ నీటి వంతులోను అది తల దూర్చును. ఓడినవానికి నిద్ర లేదు. గెలిచినవానికిని నిద్ర లేదు. ఇరువురును సుఖమును కోరియే పోటీ చేసిరి. ఇరువురికిని దక్కినది దుఃఖము.

ఈ దుఃఖము మన తరమున పుట్టినది కాదు. దీనిని గురించి ఇరువదిరెండు శతాబ్దములకు పూర్వమే ఒక చక్రవర్తి ఆలోచించి, తన యాలోచనను మన కర్నూలు జిల్లా బండలపై చెక్కించి పోయినాడు. నేటి మా ప్రసంగమునకు ఆయన మాటలే ఆధారము.

ఎర్రగుడి బండలు

కర్నూలు జిల్లా తుగ్గలి మండలమున, గుత్తికి సమీపముగా, ఎర్రగుడి యను గ్రామము కలదు. ఆ గ్రామము చెంత గుట్టపైని బండలమీద అశోక చక్రవర్తి శాసనములు బ్రాహ్మీలిపిలో, ప్రాకృత భాషలో చెక్కబడియున్నవి. ఆయన పెద్ద శిలాశాసనములు పదునాలుగును, చిన్న శిలాశాసనములును అచ్చట ఒకే తావున నున్నవి. ఆ లిపిని చదువగలవారు లేక అశోకుని మాటలు దేశమంతటను శతాబ్దముల తరబడి మూగవోయి యుండెను. 1837 ప్రాంతమున జేమ్స్ ప్రిన్సెప్ అను పండితుడు బ్రాహ్మీలిపిని చదువు విధమును కనిపెట్టిన తరువాత అవి లోకమునకు మరల వినవచ్చినవి.

వానిలో పదుమూడవ శాసనమును పంచాయతి సభ్యులందరును తెలిసికొనదగును. తనకు అభిషేకమైన ఎనిమిదేండ్లకు, అనగా క్రీ.పూ. 261 ప్రాంతమున, అశోకుడు కళింగదేశమును జయించెను. ఆ యుద్ధమున 1,00,000 మంది చంపబడిరనియు, 1,50,000 మంది తమ చోటు విడిచి కొనిపోబడిరనియు, అంతకు ఎన్నో రెట్లు జనులు ఇతర విధముల మరణించిరనియు ఆయనయే చెప్పుకొనెను. గెలిచిన రాజు తన గెలుపును బండపై చెక్కించుట లోకమున సామాన్యమే. గెలిచి పశ్చాత్తాపపడితినని చెక్కించిన రాజు అరుదు.

ఆ శాసనమున మరియొక సూక్ష్మమైన మాట యున్నది. దెబ్బ తిన్నవారికే గాక, దెబ్బ తగులని వారికిని తమ స్నేహితులకు, బంధువులకు కలిగిన కష్టమువలన బాధ కలుగుచున్నదని ఆయన గుర్తించెను. మన ఊరి కక్షలలో జరుగుచున్నదియు ఇదియే గదా! తగవు ఇద్దరు మగవారిది. దాని బాధ పుట్టింటికి పోలేని ఆడుబిడ్డది, బడిలో ప్రక్కప్రక్కన కూర్చుండలేని పిల్లలది, రెండిండ్లకును చుట్టమై ఎవరి గడప త్రొక్కవలెనో తెలియని ముసలితల్లిది.

అదే శాసనమున అశోకుడు క్షమను గురించియు చెప్పెను. తనకు అపకారము చేసినవానిని సైతము, క్షమింపదగినంత వరకు క్షమింపవలెననియే తన అభిప్రాయమని ప్రకటించెను. “క్షమింపదగినంత వరకు” అను హద్దును మీరు మనస్సున నుంచుకొనుడు. దానికి మరల వత్తుము.

ఏడుగురు శత్రువులు

ఇపుడు ఎర్రగుడి విడిచి ఒకింత సేపు ఒడిశా రాష్ట్రమునకు పోవుదము. ఆనాటి కళింగము అదియే. భువనేశ్వరము చెంత ధౌలి యందును, గంజాము జిల్లాలోని జౌగడ యందును అశోకుని శాసనములు కలవు. అచ్చట పదుమూడవ శాసనము చెక్కబడలేదు. యుద్ధమున నలిగిన ఆ జనుల నడుమ తగవులు తీర్చు అధికారులకు బుద్ధిచెప్పు ప్రత్యేక శాసనములు అచ్చట నున్నవి. జనులందరును తనకు బిడ్డలవంటి వారనియు, కన్నబిడ్డలకు ఇహపరములందు ఏ సుఖమును కోరుదునో అందరికిని దానినే కోరుచున్నాననియు చక్రవర్తి వానిలో చెప్పెను.

ఇట్లు సుఖమును కోరినవాడు దానికి మార్గమేదియని చెప్పెను? ధనము పంచుడని చెప్పలేదు. తీర్పు చెప్పువాని మనస్సును చూచుకొమ్మనెను. కారణము లేకయే ఒకనికి చెర కలుగవచ్చును, కఠినశిక్ష కలుగవచ్చును. దానివలన ఇంకను పలువురు దుఃఖింతురు. కావున ఎటును మొగ్గక మధ్యస్థులై యుండుడని హెచ్చరించెను. అట్లుండనీయని దోషములను ఏడింటిని పేర్కొనెను. అవి ఈర్ష్య, శీఘ్రకోపము, కాఠిన్యము, తొందర, అభ్యాసలేమి, సోమరితనము, అలసట. ఇవి నాకు లేకుండుగాక యని ప్రతి అధికారియు కోరుకొనవలెననెను. కోపపడకుండుట, తొందరపడకుండుట అను రెండే అన్నిటికిని మూలమని తేల్చెను.

సోదరులారా, ఈ యేడింటిని మన పంచాయతికి అన్వయించి చూడుడు. ప్రక్కవార్డు సభ్యుడు రోడ్డు తెచ్చుకొనెనని మన కడుపు మండుట ఈర్ష్య. అర్జీ పట్టుకొని వచ్చిన ముసలమ్మ మాట ముగియక మునుపే కసరుట శీఘ్రకోపము. చిన్న తప్పునకు పెద్ద మాట యనుట కాఠిన్యము. ఒకవైపు విని లేచిపోవుట తొందర. చట్టములోని నియమమును చదువక తోచినది చెప్పుట అభ్యాసలేమి. రేపు రమ్ము, ఎల్లుండి రమ్మని త్రిప్పుట సోమరితనము. ఏమి చేసినను ఈ ఊరు బాగుపడదని చేతులు ముడుచుకొనుట అలసట. ఈ తుది శత్రువు మంచివారిని పట్టుకొనును. చెడ్డవారికంటె విసిగిన మంచివారివలననే మన పంచాయతులు ఎక్కువగా చెడుచున్నవని మా అనుభవము.

మా తప్పు నొకదానిని చెప్పుదుము

ఇతరుల తప్పులు చెప్పుట సులభము. కావున మా తప్పునే చెప్పుదుము. మేము సర్పంచిగా నున్న కాలమున ఒక ఏడు చెరువు నిండలేదు. చెరువు క్రింది మళ్లకు వంతుల చొప్పున నీరు విడువవలెనని నిర్ణయించి, ఆ పని నీరుగంటికి అప్పగించితిమి. ఒకనాటి ఉదయమున పంటకాలువ గట్టు తెగి నీరంతయు ఒక రైతు మడిలోనికి పారియుండెను. మేము పరుగున పోయితిమి. ఆ రైతు ఎన్నికలలో మాకు ఎదురు నిలిచినవాని వెంట తిరిగినవాడు. గట్టు ఎట్లు తెగినదని మేము అడుగలేదు. నలువదిమంది ముందర అతనిని నీళ్లదొంగ యంటిమి. అతడు బదులు చెప్పక పార భుజమున వేసికొని వెడలిపోయెను.

వారము దినములు గడచిన తరువాత అదే గట్టున మరియొకచోట నీరు కారుచుండగా నీరుగంటి త్రవ్వి చూచి మమ్ము పిలిచెను. లోపల ఎండ్రకాయలు చేసిన బొక్కలు. మొదటి గండియు అట్లే పడినదని వేరే చెప్పనక్కరలేదు. ఆనాడు మాకు కోపము వచ్చినది నీటినిగురించి కాదు, ఓటునుగురించి.

తెలిసిన వెంటనే పోయి చెప్పితిమా? లేదు. ఎనిమిది నెలలు పట్టినది. త్రోవలో అతడు ఎదురైనచో మేమే సందు మళ్లెడివారము. గ్రామసభలో అతని కుర్చీ ఖాళీగా కనబడినప్పుడెల్ల మాట తడబడెడిది. మా ఇంటివారు అడిగిన ఏమియు లేదనెడివారము. తప్పుకంటె తప్పును దాచుకొనుటయే బరువని అప్పుడు తెలిసినది. తుదకు ఒక సాయంకాలము అతని ఇంటికి పోయితిమి. ఇల్లాలు చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చినది. మేము చెప్పవలసినది చెప్పితిమి. అతడు చాలసేపు ఊరకుండి ఇట్లనెను:

“అన్నా, నువ్వు నలుగురిలో అంటివి. నా ఇంట్లో చెప్తే అది ఎట్ల తీరుతుంది?”

అది న్యాయమైన మాట. తరువాతి గ్రామసభలో జమాఖర్చులు చదువుటకు ముందే మేము లేచి, ఆనాడు అన్నమాట తప్పనియు, అనినవారము మేమే కావున దానిని మేమే ఉపసంహరించుకొనుచున్నామనియు చెప్పితిమి. అతడు లేచి వచ్చి మమ్ము కౌగిలించుకొనలేదు. మరుసటి ఎన్నికలలోను అతడు రెండవవారి వెంటనే తిరిగెను. అయినను ఆ వేసవిలో చెరువు పూడిక తీయునపుడు పిలువకయే తన ట్రాక్టరు తోలుకొని వచ్చెను. దారిలో ఎదురైన పలుకరింపసాగెను. మేము సందు మళ్లుట మానితిమి. సుఖమనగా నేమియని ఎవరైన మమ్మడిగినచో దీనినే చెప్పుదుము: మన ఊరిలో ఏ వీధినైనను తల దించక నడువగలుగుట.

క్షమకు హద్దు కలదు

ఇపుడు మేము దాచియుంచుమన్న మాటకు వత్తుము. అశోకుడు క్షమింపదగినంత వరకే క్షమింపవలెననెను. ఆ శాసనముననే అడవి జనులను గురించి చెప్పుచు, తాను పశ్చాత్తాపము నొందినవాడనైనను తనకు శక్తి లేకపోలేదనియు, వారు తప్పులకు సిగ్గుపడి ప్రాణములు కాపాడుకొనవలెననియు హెచ్చరించెను. క్షమ యనగా చట్టమును మూటగట్టి అటుకమీద పెట్టుట కాదు.

పెద్దమనుషుల రాజీ యను పేర మన ఊళ్లలో ఎన్ని అన్యాయములు కప్పివేయబడినవో మీరెరుగుదురు. కొట్టబడిన భార్యను సర్దుకొని పొమ్మనుట, అవమానింపబడిన దళితుని నాలుగువేల రూపాయలకు నోరు మూసికొమ్మనుట, బాల్యవివాహమును ఊరి పరువని దాచుట, ఇవి క్షమ కావు. క్షమ దెబ్బతిన్నవాని సొత్తు. ఇతరుని సొత్తును దానము చేయుటకు మనమెవరము? షెడ్యూల్డు కులములు, తెగలవారిపై అత్యాచారములను నిరోధించుటకు 1989 చట్టమున్నది. ఇంటిలో హింసనుండి స్త్రీలను రక్షించుటకు 2005 చట్టమున్నది. బాల్యవివాహములను నిషేధించుటకు 2006 చట్టమున్నది. అట్టివి మన యెదుటకు వచ్చినప్పుడు బాధితులకు తోడుగా నిలిచి పోలీసు ఠాణాకు, న్యాయస్థానమునకు పంపుటయే మన విధి.

కాని గట్టుతగవు, దారితగవు, పంపకముల తగవు, అప్పు తగవు, నోటిమాట తగవు వేరు. వీనిలో ఇరుపక్షములును మనస్ఫూర్తిగా ఒప్పుకొనినచో రాజీకి చట్టమే దారి చూపుచున్నది. 1987 న్యాయసేవల చట్టము క్రింద ఏర్పడిన లోక్ అదాలతులో కుదిరిన రాజీకి సివిలు కోర్టు డిక్రీతో సమానమైన విలువ కలదు. దానిపై అప్పీలు లేదు. కోర్టులో నున్న దావా అచ్చట తీరినచో కట్టిన కోర్టు ఫీజు తిరిగి ఇత్తురు. జిల్లా న్యాయసేవాధికార సంస్థకు ఒక అర్జీ వ్రాయించి ఇచ్చుట ఏ సభ్యునికైనను సాధ్యమైన పనియే. కోర్టు చుట్టు తిరుగుటలో చేను అమ్ముకొనిన కుటుంబములు మన యెదుటనే యున్నవి. ఆ చేను నిలుపుట ఒక బావి త్రవ్వించుటకు తక్కువ పని కాదు.

దినదినాభ్యాసము

ఇంతవరకు చెప్పినది విని తల ఊపుట తేలిక. ఇంటికి పోయిన తరువాత కోపము మన అనుమతి అడిగి రాదు. కావున అభ్యాసము కావలెను. మేము చేసి చూచిన నాలుగు పనులను మీకు చెప్పుదుము. వీనికి డబ్బు అక్కరలేదు, పై అధికారుల మంజూరు అక్కరలేదు.

మొదటిది: సమావేశమునకు ముందు ఐదు నిమిషములు ఊరక కూర్చుండుడు. ఊపిరి వచ్చుచు పోవుచుండుటను గమనించుడు. తరువాత నేడు నా మనస్సున ఎవరిపై కోపమున్నదని మిమ్ము మీరే అడుగుడు. పేరు తెలిసినచో చాలును. ఇంటిలో పాము ఏ మూల నున్నదో తెలిసినవాడు అటు కాలు పెట్టడు గదా! ఏమరుపాటు లేకుండుట యనగా ఇదియే. దీనికి అడవులకు పోనక్కరలేదు.

రెండవది: తగవుతో వచ్చినవారి మాటను చివరి వరకు వినుడు. సెల్‌ఫోను ప్రక్కన పెట్టుడు. విన్న తరువాత మీరు చెప్పినది ఇదియేనా యని మీ మాటలలో తిరిగి చెప్పుడు. అతడు ఔననిన తరువాతనే రెండవవానిని పిలువుడు. సగము తగవులు ఇంతటితోనే చల్లబడును. ఏలయన చాలమంది కోరునది గెలుపు కాదు, తమ మాట ఒకరు వినుట.

మూడవది: కోపమున్న గడియలో తీర్పు చెప్పకుడు, తీర్మానము వ్రాయకుడు. ఒక రాత్రి గడువనీయుడు. వాట్సాప్ గుంపులలో రాత్రివేళ వ్రాసిన మాట తెల్లవారునప్పటికి ఊరంతయు తిరిగి వచ్చును. నోటిమాట నలువదిమంది విందురు. ఆ మాట నాలుగువందలమంది చదువుదురు.

నాలుగవది: రాత్రి పరుండుటకు ముందు ఒక చిన్న పుస్తకమున ఒక్క వాక్యము వ్రాయుడు. ఆ యేడుగురు శత్రువులలో నేడు మన ఇంటికి వచ్చినది ఎవరు? చదువురానివారు మనస్సులోనే తలచుకొనవచ్చును. మనుష్యుడు తాను చేసిన మంచినే చూచుకొనుననియు, తాను చేసిన చెడును చూచుకొనుట కష్టమనియు, అయినను చూచుకొనవలెననియు అశోకుడు ఉత్తరభారతమున నెలకొల్పిన స్తంభములపై చెక్కించెను. చక్రవర్తికి కష్టమైనది మనకు ఒక్కనాటిలో రాదు. తప్పిపోయిన దినమునకు విచారింపక మరునాడు మరల మొదలు పెట్టవలెను.

ఎర్రగుడిలోని చిన్న శిలాశాసనము ఈ విషయమున మనకు ధైర్యము చెప్పును. ధర్మమార్గమున చేరిన మొదట ఒక యేడాది తాను తగినంత ప్రయత్నము చేయలేదని అశోకుడు అందు ఒప్పుకొనెను. తరువాత గట్టిగా ప్రయత్నించితిననెను. ఈ ఫలము గొప్పవారికే దక్కునది కాదు, అల్పుడును ప్రయత్నముచే పొందగలడని చెప్పెను. తల్లిదండ్రుల మాట వినుట, ప్రాణులయెడ దయ, సత్యము పలుకుట మొదలగు ధర్మములను భేరి మ్రోగించి జనులకు తెలుపవలెనని అధికారులను ఆజ్ఞాపించెను. మన ఊరి దండోరా వంటిదే అది. ధౌలి శాసనమునైతే పుష్యమీ నక్షత్ర దినములలో చదివి వినిపింపవలెననియు, వినుటకు ఒక్కడే యున్నను చదువవలెననియు ఏర్పాటు చేసెను.

ఆ యొక్క మాటతో ముగింతుము. మీరు మీ ఊళ్లకు పోయిన తరువాత నెలకొకసారి, పంచాయతి సమావేశము మొదట, ఆ యేడు దోషములను ఒకరు లేచి చదువుడు. రెండు నిమిషముల పని. ఆనాటికి నలుగురు సభ్యులే వచ్చిన నలుగురికే చదువుడు. ఎవరును రాకున్న మీకు మీరే చదువుకొనుడు. పిదప మీ ఊరిలో మీరు సందు మళ్లి తప్పించుకొని తిరుగుచున్న ఇల్లు ఏదైన నున్నచో, ఈ వారములో ఒక సాయంకాలము ఆ గడపకు పొండు. ఆ ఇంటివారు వెంటనే నవ్వకపోవచ్చును. పోయినందుకు మాత్రము మీరు విచారింపరు.